మన ఊరి సినిమా హాలు

సామర్లకోట పేరు చెప్పగానే గోదావరి జిల్లాలవారికి రెండు గుర్తుకు వచ్చును. ఒకటి రైలు జంక్షను, రెండవది భీమేశ్వరుని గుడి. మదరాసు నుండి హౌరాకు పోవు పెద్ద లైను మీద కాకినాడ శాఖ చీలునది ఇక్కడనే. కాకినాడకు పోవలసినవారెందరో తరతరములుగా ఇక్కడ బండి మారినవారే. ఇక గుడి సంగతి. తూర్పు చాళుక్య వంశమున మొదటి చాళుక్య భీముడు క్రీ. శ. 892 మొదలు 922 వరకు రాజ్యమేలెను. పంచారామములలో ఒకటియైన కుమారారామము ఆయన కాలపు నిర్మాణమని చరిత్రకారులు చెప్పుదురు. అది రెండంతస్తుల ఆలయము. శివలింగము క్రింది అంతస్తున మొదలై పై అంతస్తు వరకు నిలిచియున్నది. వేయేండ్లు దాటినను ఆ గుడి చెక్కు చెదరలేదు. పురావస్తు శాఖవారి కాపుదలలో ఉన్నది.

జంక్షనుకు, గుడికి తోడుగా చెప్పదగినది మూడవదొకటి కలదు. దానిని చూచుటకై పరదేశి యెవ్వడును రైలు దిగడు. అది ఊరి పాత సినిమా హాలు. సామర్లకోట అననేల, పెద్దాపురము, పిఠాపురము, రామచంద్రపురము, మండపేట, తణుకు - డెల్టాలో ఏ చిన్న పట్టణమును తలచుకొన్నను అచ్చటి పెద్దలకు ఒక సినిమా హాలు జ్ఞాపకము వచ్చును. ఇప్పుడా హాళ్లలో కొన్ని గోదాములైనవి, కొన్ని కల్యాణమండపములైనవి, కొన్ని నేలమట్టమైనవి. కొన్ని మాత్రము తాళము వేసికొని, గోడల మీద వెలిసిన రంగులతో, ఏమి కానున్నదో తెలియక నిలిచియున్నవి.

1958లో పార్లమెంటు చేసిన ప్రాచీన కట్టడముల చట్టము కనీసము నూరేండ్లు నిండిన కట్టడములకు వర్తించును. తెలుగు టాకీ పుట్టినదే 1932లో. టాకీల కొరకు కట్టిన హాలు ఏదియు ఇంకను నూరేండ్లకు చేరలేదు. చేరువరకు నిలుచునను నమ్మకమును లేదు. గుడిని కాపాడు చట్టము హాలును కాపాడదు. మరి ఎవరు కాపాడవలెను? అసలు అది కాపాడదగినదేనా? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా కొంత పూర్వకథ చెప్పుకొనవలెను.

మన వారికి బొమ్మల ఆట పరిచయమైనది హాలులో కాదు, డేరాలో. మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడు గారు మదరాసులో ఫోటోగ్రాఫరుగా జీవించుచు, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించిరి. బొమ్మతోపాటు గ్రామఫోను రికార్డు మ్రోగించి, బొమ్మయే మాటలాడినట్లు భ్రమ కలిగించు యంత్రమది. దానిని మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శించి, తరువాత ఊరూర త్రిప్పి, బర్మా, సింహళము వరకు కొనిపోయిరి. ఆ పిమ్మట మదరాసులో గెయిటీ అను సినిమా మందిరమును కట్టించిరి. ఒక భారతీయుడు ఆ నగరమున కట్టించిన సినిమా మందిరములలో అదియే మొదటిది. ఆంధ్రదేశమున విజయవాడలో పోతిన శ్రీనివాసరావు గారు 1921లో 'మారుతి' హాలును నిర్మించిరి. మన నేల మీద సినిమాకు పక్కా కప్పు ఏర్పడుట దానితోనే మొదలైనదని చెప్పుకొందురు.

గోదావరి సీమలో ఈ కథ కాకినాడ చుట్టు తిరుగును. చిత్తజల్లు పుల్లయ్యగారు కాకినాడవారు. వారు 1920లలో తమ ఇంటి ఆవరణనే స్టూడియోగా చేసికొని 'మార్కండేయ' అను మూకీ చిత్రమును తీసిరి. బొమ్మ తీయుట ఎంత కష్టమో, దానిని జనమునకు చూపించుట అంత కష్టమని అనుభవమున తెలిసినవారు. ఆ పుల్లయ్యగారే కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీవారికి 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' తీసిరి. 'లవకుశ' ఆడిన ఊళ్లకు చుట్టుప్రక్కల పల్లెలవారు కుటుంబములతో బండ్లు కట్టుకొని తరలివచ్చిరి. ఎన్నడును నాటకశాల గడప త్రొక్కని ఇల్లాండ్రు సీతమ్మవారి కష్టములు చూచుటకు హాలు గడప త్రొక్కిరి. 1936లో రాజమహేంద్రవరమున నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోను అను స్టూడియోను నెలకొల్పిరి. ఆంధ్రప్రాంతమున అదియే తొలి స్టూడియో. అక్కడ తీసినదే 'సంపూర్ణ రామాయణము'. చిత్రపరిశ్రమ మదరాసున స్థిరపడకపూర్వము గోదావరి గట్టున కూడ ఒక ప్రయత్నము జరిగినదని మన పిల్లలకు తెలియవలెను.

ఇంకొక ముచ్చట. ఆనాటి హాళ్లు సినిమాకే పుట్టినవి కావు. విజయవాడలోని దుర్గాకళామందిరము వలె నాటకమునకును, బొమ్మకును ఉమ్మడిగా పనికివచ్చినవి ఉండెను. తెర వెనుక రంగస్థలము, దాని ప్రక్కన వేషములు వేసికొను గది అమర్చెడివారు. నాటకమున్న నాడు తెర ఎత్తెడివారు. బొమ్మ ఉన్న నాడు దించెడివారు. సినిమాకు నటులనిచ్చినదియు నాటకమే. సామర్లకోటకు కూతవేటు దూరములోని పెద్దాపురమున 1927లో పుట్టిన అంజలీదేవిగారు, కాకినాడలో చదివిన ఎస్.వి. రంగారావుగారు - ఇరువురును కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆరితేరి తెర మీదికి వచ్చినవారే. ఈ సంగతిని శ్రోతలు మరువవలదని కోరుచున్నాము; తుదను దీనితో మనకు పని ఉన్నది.

ఇక సామర్లకోట వంటి ఊరికి సినిమా ఎట్లు చేరినది? దానికి మూడు ఆధారములు. మొదటిది కాలువ. గోదావరి నీరు పారిన చోట వరి, చెరకు పండెను. కోతలు కాగానే చేతిలో నాలుగు డబ్బులు ఆడెను. సంక్రాంతికి కొత్త బొమ్మ వేయు ఆచారము వెనుక ఉన్నది పంచాంగము మాత్రమే కాదు, పంట కూడ. రెండవది కర్మాగారము. సామర్లకోటలో 19వ శతాబ్ది చివరిభాగమున నెలకొన్న చక్కెర కర్మాగారము వలన నెలజీతము, వారపు కూలి తీసికొను జనమొకటి ఏర్పడెను. పొద్దున పనికి పోయి సాయంకాలము తీరిక చేసికొను జనము లేనిదే రోజుకు రెండాటల సినిమా నడువదు. మూడవది రైలు. చిత్రము అనగా ఆ రోజులలో రేకు డబ్బాలలో చుట్టిన ఫిలిము. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములు ఆడును. పెద్ద చిత్రమునకు పదునారు, పదునెనిమిది రీళ్లు. ఒక చిత్రమునకు తీసిన ప్రతులు కొద్ది. అవి ముందు పెద్ద నగరములలో ఆడి, అక్కడ పాతబడిన తరువాత పెట్టెలకెక్కి చిన్న ఊళ్లకు ప్రయాణమగుచుండెను. పెట్టె రైలులో వచ్చెనా లేదా అన్నది ఊరి కుర్రవాండ్రకు ఉత్తరము వచ్చెనా లేదా అన్నదానికంటె పెద్ద విచారము.

పెట్టె వచ్చినదని ఊరికి చాటెడి పద్ధతి మనలో పెక్కుమందికి జ్ఞాపకముండును. బండికి రెండు ప్రక్కల బొమ్మల తట్టీలు కట్టి, ముందు డప్పు వాయించుచు, కాగితములు పంచుచు వీధుల వెంట పోయెడివారు. ఆ కాగితముల కొరకు పిల్లలు బండి వెంట పరుగెత్తెడివారు. సాయంకాలమున హాలు మీది మైకులో రికార్డులు మొదలయ్యెడివి. ఎన్నో ఊళ్లలో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాట మ్రోగినదనగా ఇక ఆట మొదలగుచున్నదని గుర్తు. ఇంటిలో అన్నము తినుచున్నవారు ఆ పాటను బట్టి చేయి కడుగుకొనెడివారు. గడియారము లేని ఇండ్లకు సినిమా హాలే గడియారము.

లోపల నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు. ఆడువారికి వేరుగా ఒక భాగము, నడుమ అడ్డుగోడయో తెరయో. ఈ ఏర్పాటును మేము గొప్పగా పొగడుట లేదు. కాని ఒక మాట చెప్పక తప్పదు. గుడిలోను, బావి వద్దను, భోజనపు పంక్తిలోను ఎవరెక్కడ నిలువవలెనో పుట్టుకను బట్టి తేల్చిన కాలమది. హాలులో ఎవరెక్కడ కూర్చుండవలెనో టిక్కెట్టును బట్టి తేల్చిరి. డబ్బు చేసిన తరగతులు మంచివని కాదు. అవి కూడ తరగతులే. అయినను దీపములు ఆరిన తరువాత నేలలోనివాడును బాల్కనీలోనివాడును ఒకే మాటకు నవ్విరి, ఒకే మాటకు కంట తడి పెట్టిరి. ఒక ఊరిలోని అందరును ఒకే కప్పు క్రింద ఒకే వస్తువును చూచుట అంతకుముందు ఎన్నడు జరిగినది? మా దృష్టిలో ఊరి సినిమా హాలు చరిత్రకు ఇది ప్రాణము.

హాలుకు వెనుక, మెట్లు ఎక్కి పోవలసిన చిన్న గదిలో, ఈ కథకు కనబడని నాయకుడొకడుండెను. అతడు ఆపరేటరు. ప్రొజెక్టరులో రెండు కార్బను కడ్డీలను దగ్గరకు చేర్చి విద్యుత్తు పంపగా, ఆ కొసల నడుమ కన్ను చెదరు వెలుగు పుట్టును. కడ్డీలు కాలి తరుగుచుండగా వాటిని జరుపుచుండవలెను; లేనిచో తెర మీది బొమ్మ మసకబారును, క్రింద ఈలలు లేచును. బొమ్మలు సెకనుకు ఇరువదినాలుగు చొప్పున నడువవలెను. రెండు యంత్రములున్న హాలులో ఒక రీలు ముగియుచున్నదని తెలుపుచు తెర కుడి పై మూలన చిన్న చుక్క మెరయును. ఆ క్షణమున రెండవ యంత్రమును అందించినవాడే నేర్పరి. ఒక యంత్రమే ఉన్న డేరాలలో రీలు రీలుకు దీపములు వెలిగెడివి. ఈ పనికి బడి లేదు. ఒకరి వద్ద చేరి, చేయి కాల్చుకొని నేర్చినదే విద్య. ఆ విద్య తెలిసిన పెద్దలు నేడు కొద్దిమందియే మిగిలియున్నారు.

ఇట్టి హాలు ఎందులకు మూతపడినది? కారణములు ఒక్కసారిగా వచ్చినవి కావు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమయ్యెను. 1982లో రంగుల ప్రసారములు వచ్చెను. వీడియో క్యాసెట్టులు వచ్చెను. 1990లలో ఉపగ్రహ ఛానళ్లు ఇంటింటికి రోజుకు నాలుగైదు చిత్రములు తెచ్చి పోసెను. తరువాత ఫిలిమే పోయెను. 2005 ప్రాంతమున మొదలైన డిజిటల్ ప్రదర్శనము పదేండ్లలోపల రీళ్లను, కార్బను కడ్డీలను, రైలులో వచ్చు పెట్టెను అన్నిటిని తుడిచిపెట్టెను. ఇందులో ఒక మేలు లేకపోలేదు. కొత్త చిత్రము నగరములో విడుదలైన నాడే చిన్న ఊరిలోను ఆడసాగెను. కాని చిత్రపు ఆయువు నూరు దినముల నుండి ఒకటి రెండు వారములకు తగ్గెను. వేయిమంది పట్టు హాలుకు మూడు నాళ్లు జనము, మిగిలిన నాళ్లు ఖాళీ కుర్చీలు. 2020లో కరోనా వలన నెలల తరబడి తలుపులే తెరువబడలేదు. 2021 ఏప్రిలులో ప్రభుత్వము నిర్ణయించిన పట్టికలో గ్రామపంచాయతీలలోని చలువయంత్రము లేని హాళ్లకు కనిష్ఠపు టిక్కెట్టు 5 రూపాయలు. ఆ ఏటి చివర తూర్పు గోదావరి జిల్లాలో పెక్కు హాళ్లవారు నడుపలేమని తామే తలుపులు మూసికొనిరి. 2022 మార్చిలో కనిష్ఠపు ధరను 20 రూపాయలకు సవరించిరి. ఇందులో న్యాయమెవరి పక్షమున ఉన్నదో తేల్చుట మా పని కాదు. చౌకగా చూడవలెనను పేదవాని కోరికయు, దీపపు ఖర్చయినను రావలెనను యజమాని కోరికయు రెండును నిజమే. వాటి నడుమ హాలు నలిగినది.

కావున పాత హాలును పడగొట్టిన యజమానిని నిందించుట సులభము గాని న్యాయము కాదు. ఊరి నడిబొడ్డున పెద్ద స్థలము. దాని విలువ పెరిగినది. హాలు రాబడి తరిగినది. పన్ను కట్టవలె, కప్పు వేయించవలె. జ్ఞాపకములు మావి, నష్టము నీది అని చెప్పుటకు ఊరికి హక్కు లేదు. జీర్ణోద్ధరణ మాట ఎత్తువారు ఈ లెక్కను మొదట ఒప్పుకొనవలెను.

ఈ లెక్కను సరిదిద్దినవారు లోకమున లేకపోలేదు. బొంబాయిలోని రాయల్ ఆపెరా హౌసు 1911లో ప్రారంభమై, తరువాత సినిమా హాలై, 1993లో మూతపడెను. యజమానులైన గోండలు రాజకుటుంబమువారు దానిని బాగుచేయించి 2016లో మరల తెరిపించిరి. అది మహానగరము, వారు సంస్థానాధీశులు, మనకు పోలిక యెక్కడ అందురేమో. అట్లయిన స్కాట్లండులోని క్యాంబెల్‌టౌను చూడుడు. అయిదువేలలోపు జనమున్న రేవుపట్టణము. అచ్చటి పిక్చర్ హౌసు 1913 నాటిది. 1980లలో అది మూతపడగా ఊరివారే సంఘముగా చేరి దానిని చేతబట్టి నడిపిరి. లాటరీ నిధి మొదలైన వాటి నుండి సొమ్ము కూర్చి, పాత హాలును పాతదిగనే ఉంచి, ప్రక్కన చిన్నదొకటి కలిపి, 2017 చివరను తిరిగి ప్రారంభించిరి. అచ్చట హాలు యజమాని ఊరే. మనకు పాఠమిచ్చునది ఈ రెండవ ఉదాహరణమే.

అయిన మన ఊళ్లలో ఏమి చేయవచ్చును? మాకు తోచిన క్రమమును మనవి చేయుచున్నాము.

మొదట వ్రాసికొనవలెను. హాలు నిలిచినను నిలువకున్నను దాని చరిత్ర నిలువవలెను. కొలతలు, ఫోటోలు, పాత లైసెన్సు కాగితములు, కరపత్రములు, పాటల పుస్తకములు, టిక్కెట్టు ముక్కలు - వీటిని ఊరి గ్రంథాలయమునకు చేర్చవలెను. ఆపరేటర్ల, గేటు వద్ద నిలిచినవారి, సోడాలు అమ్మినవారి మాటలను వారుండగనే రికార్డు చేయవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక కళాశాల విద్యార్థులు ఒక వేసవిలో చేయగలరు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూతమన్నను లేదు. పుల్లయ్యగారి 'మార్కండేయ' లేదు. బొమ్మలు పోయినవి, వాటిని చూపిన గదుల జాడయైన దక్కించుకొనవలదా?

రెండవది, కట్టడమును ఇంజనీరు చేత పరీక్షింపజేయవలెను. మన తీరమునకు తుపానులు కొత్త కావు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎట్లు ఊడ్చినదో మరువలేము. కప్పు దూలములు, రేకులు గాలికి నిలుచునా? గోడలకు చెద పట్టినదా? పాత రేకులలో ఆస్బెస్టాసు ఉండును గనుక వాటిని తెలిసినవారి చేతనే దింపించవలెను. అన్నిటికంటె ముఖ్యము, బయటికి పోవు దారులు. 1997 జూను 13న ఢిల్లీ ఉపహార్ సినిమాలో పొగ క్రమ్మి, దారులు దొరకక, 59 మంది మరణించిరి. ముచ్చట కొరకు పాత తలుపులను ఉంచవచ్చును గాని, అవి బయటికి తెరువబడునట్లు చేయక హాలు తెరువరాదు. అట్లు నిలువజాలదని ఇంజనీరు చెప్పినచో పడగొట్టుటయే ధర్మము. ముఖద్వారమును, పేరు పలకను, ఒక యంత్రమును దక్కించుకొన్నను అది కొంత మేలు.

మూడవది, హాలు ఏ పని చేసి బ్రతుకవలెను? ఇందులకే ప్రారంభమున నాటకము సంగతి మరువవలదని కోరితిమి. మన హాలు నాటకమునకును బొమ్మకును ఉమ్మడిగా పుట్టినది. తరువాత బొమ్మనే నమ్ముకొని, బొమ్మ ఇంటికి పోగానే ఒంటరిదైనది. దానిని మరల ఉమ్మడి గదిగా చేయుటయే నిజమైన జీర్ణోద్ధరణము. వారమునకు మూడు నాళ్లు కొత్త చిత్రము. ఒక నాడు పౌరాణిక నాటకమో, హరికథయో, కూచిపూడియో. ఒక ఉదయము బడిపిల్లలకు చిత్రము. నెలకొకసారి పాత తెలుగు చిత్రము. పాత చిత్రముల కొరకు పుణేలో 1964లో నెలకొల్పిన జాతీయ చలనచిత్ర భాండాగారమును అడుగవచ్చును. వేయి కుర్చీలు అక్కరలేదు, మూడువందలు చాలును. మిగిలిన చోటును అంగళ్లకు అద్దెకిచ్చి ఆ రాబడిని మరమ్మతులకు వాడవచ్చును. యజమాని స్థలమును అమ్మనక్కర లేకుండ, పురపాలక సంఘముతోనో ఊరి సంఘముతోనో దీర్ఘకాలపు కౌలు వ్రాసికొనవచ్చును. పన్నులో కొంత సడలింపు ఇచ్చినచో ప్రభుత్వమునకు పోవునది కొద్ది.

ఇదంతయు జరుగునా అని అడిగినచో, ప్రతి ఊరిలోను జరుగదని మేమే ఒప్పుకొందుము. డెల్టాలోని నలుబది ఊళ్లలో నాలుగింట జరిగినను మాకు సంతోషమే. కాని ఒకటి గమనింపుడు. నేడు మన అరచేతిలోనే సినిమా ఉన్నది. ఒకే ఇంటిలో నలుగురు నాలుగు చిత్రములు చూచుచున్నారు. చూచువానికి లోటు లేదు. ప్రక్కన కూర్చుండువానికే లోటు. పెద్ద కమతపు రైతును, చక్కెర మిల్లు కార్మికుని, రైలు గార్డును, మొదటిసారి ఇల్లు కదలిన ముత్తైదువను ఒక చీకటి గదిలో కూర్చుండబెట్టి ఒకేసారి నవ్వించిన చోటు మనకు ఇంకొకటి లేదు.

వేయేండ్ల క్రిందట చాళుక్య భీముడు కట్టించిన గుడిని నిలిపినది రాతి బలము మాత్రమే కాదు. దినదినము దీపము పెట్టినవారు, శివరాత్రికి వచ్చి నిలిచినవారు కూడ. జనము రాని గుడి పాడుపడును. జనము వచ్చు హాలు పాతదైనను బ్రతుకును. సామర్లకోటలోనైన, మీ ఊరిలోనైన, తాళము పడిన పాత హాలు ముందుగా పోవునప్పుడు ఒక్క నిమిషము ఆగి, లోపల మీ తాతగారు ఏ తరగతిలో కూర్చుండిరో ఇంటికి పోయి అడుగుడు. ఆ జవాబుతోనే ఊరి చరిత్ర వ్రాయుటకు ప్రారంభము కాగలదు.